కిటికీలోంచి వేసిన దస్తీ

ఆదిలాబాద్ దగ్గర పది రోజుల ధ్యాన శిబిరం ముగించుకుని, శాశ్వత ఆనందం దొరికిందన్న నమ్మకంతో బస్టాండుకు వచ్చాను. మంచిర్యాల బస్సు రాగానే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నాను. తోసుకుంటూ ఎక్కి చూస్తే అక్కడ ఒక ముసలాయన కూర్చున్నాడు. నా దస్తీ మడతపెట్టి ఆయన ఒళ్ళో ఉంది. బస్సంతా తిరిగి చూసేలా అరిచాను.

ఆయన నవ్వుతూ లేచాడు. "కూసో బిడ్డా. దస్తీ కింద పడితే తీసి పెట్టిన. ఏడికెల్లి వస్తున్నవ్?"

"ధ్యాన శిబిరం నుంచి," అన్నాను గొంతు తగ్గించి. "పది రోజులు మౌనంగా ఉన్నాను."

"గట్లనా! గా పది రోజులది ఒక్కపారే బయటికొచ్చింది. ఫికర్ జెయ్యకు, ఇప్పుడు జర హల్కగుంటది."

నిజంగానే హాయిగా ఉంది. శిబిరంలో ఒక్కరోజు కూడా అంత హాయి దొరకలేదు.

ఆయనది నస్పూర్. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట. "నిలబడగలరా?" అని అడిగాను, సీటు మాత్రం వదలకుండా.

"బాయిల ముప్పై ఏండ్లు నిలబడే పనిచేసిన. గిదేం లెక్క?" అని రాడ్ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎన్ని గతుకులొచ్చినా ఆ ముఖంలో నవ్వు చెదరలేదు.

నేనూ వెన్ను నిటారుగా పెట్టి కళ్ళు మూసుకున్నాను. రెండు నిమిషాలకోసారి తెరిచి, ఆయన సీటు అడుగుతాడేమోనని చూసుకుంటూ మంచిర్యాల చేరాను.