కిటికీలోంచి వేసిన తువ్వాల

చాన్నాళ్ల కింద ఒక ఆదివారం మధ్యాహ్నం జనగామలో చిల్పూరు బస్సు పూర్తిగా ఆగకముందే, చంకలో బైబిలు పెట్టుకున్న ఒక తెల్లచీర అవ్వ కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపింది. తోసుకుంటూ ఎక్కింది గానీ కూర్చోలేదు. తువ్వాల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

సీటు దొరక్క పక్కనే నిలబడ్డ నేను అడిగాను, "ఎవలికోసం ఆపినవ్ అవ్వా?"

"ఇంక తెల్వది బిడ్డా. ఎక్కినంక తెలుస్తది."

ఇద్దరు ముగ్గురు ఆమె మీద విసుక్కున్నారు. అవ్వ కదల్లేదు. చివరికి చంటిపిల్లతో, కొబ్బరికాయల సంచితో ఒకామె ఎక్కింది. అవ్వ తువ్వాల తీసి, దానితోనే సీటు తుడిచింది.

"ఎంకన్న గుట్టకా బిడ్డా? కూసో."

బస్సు కదిలాక నాతో మెల్లగా అంది. "ప్రేమ పెంచు తండ్రీ అని రోజు అడుగుత. ఊకె అడిగితె పెరుగుతదా? నేను గూడ జర అలవాటు చేసుకోవాలె గద."

ఆమె ఏ ఊళ్లో దిగిందో గుర్తులేదు.

మొన్న గూడూరు బస్సులో నా పక్క సీటు మీద నేను వేసిన రుమాలు చూసి ఒకాయన కసురుకున్నాడు.

"ఎవలిదన్నా గీ సీటు?"

"ఇంక ఎక్కలే" అన్నాను.