తెర పైఅంచు

కోవిల్‌పట్టిలో మా పెద్దమ్మ పోయిందని పోయిన వారం తెల్లవారుతూనే ఫోను వచ్చింది. విరుదునగర్ నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ ఏడ్చాను. దండ వేయడానికి ఆవిడ ఫొటో ఒక్కటీ లేదని అక్కడ తెలిశాక మాత్రం సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్తే నన్ను పెంచింది పెద్దమ్మే. ఇంట్లో అగ్గిపెట్టెల అట్టలు అంటిస్తూ ఆ జిగురు చేతులతోనే నాకు జడ వేసేది. విసుక్కుంటే, "జిగురుంటేనే జడ నిలుస్తాది పాపా" అని నవ్వేది. నా పెళ్లయ్యాక మా ఇంటికి ఎప్పుడొచ్చినా చేతిలో వేరుశెనగ మిఠాయి పొట్లం ఉండేది.

భర్త పోయినవాళ్లు పెళ్లికూతురి పక్కన నిలబడకూడదని మావాళ్ల కట్టుబాటు. నా పెళ్లిలోనూ పెద్దమ్మ వెనకే ఉండిపోయింది. ఎవరైనా మొహమాటానికి ఫొటోకు పిలిస్తే, "నన్నేల పటం పట్టేది? ఈ మొగం యెవురు సూస్తారు?" అంది. ఆ మాట నమ్మడం మాకందరికీ వీలుగా ఉండింది. పెళ్లికూతురినై ఉండి నేనూ రమ్మనలేదు.

తర్వాత వెడల్పు టీవీ కొన్నాం. పెళ్లి డీవీడీని ఫైలుగా మార్చాను. పాత వీడియో కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఉంచితే తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు పడ్డాయి. సాగదీస్తే మా ఆయన గుమ్మడికాయలా తయారయ్యాడు. చివరికి పైనా కిందా కత్తిరించి తెర నింపే సెట్టింగు పెట్టి, డిస్కు అటక మీద పడేశాను.

ఆ ఏడు వచ్చిన పెద్దమ్మకు గొప్పగా వేసి చూపించాను. పందిట్లో చుట్టాలందరూ వరసగా నిలబడ్డ చోట ఆవిడ టీవీ వైపు ముందుకు వంగింది. మళ్లీ వేయమంది. వేశాను.

"నా సీర బాగా కనపడతా ఉండాది పాపా" అని మిఠాయి పొట్లం విప్పింది. ఏ చీర అని కూడా నేను అడగలేదు.

కర్మకు ఫొటో కోసం నిన్న ఆ డిస్కు దించి, ఏమీ కత్తిరించకుండా మళ్లీ మార్చాను. నల్ల పట్టీల మధ్య మేమిద్దరం, వెనక చుట్టాలు. వాళ్ల తలల సందున ఒక చీర, ఆ పైన, నేను కోసేసిన చోట, పెద్దమ్మ మొహం. ఆవిడ పొట్టి మనిషి. భోజనాల బెంచీ ఏదో లాక్కుని ఎక్కితే తప్ప అంత ఎత్తుకు రాదు. నున్నగా తల దువ్వుకుని, పడిపోకుండా పందిరి గుంజ పట్టుకుని, నేరుగా కెమెరా వంకే చూస్తూ నవ్వుతోంది.