పాలు నిండనివ్వమన్నది నేనే

ఆ రోజు పొద్దున్నుంచీ పాప గుడ్డ తడవలేదు. పదకొండింటికి మార్చినప్పుడు ఇటుకపొడి రంగులో చిన్న మరక కనబడింది. గుడ్డలు ఉతికి మడతపెట్టే పని నాది కాబట్టి ముందు నా కంటనే పడింది. పాపకి అది తొమ్మిదో రోజు. అంతకుముందు ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది, ఇప్పుడు మూలుగుతోంది.

"పడుకున్నాది, పోనీయ్," అంది మా ఆవిడ.

నా మనసు ఒప్పలేదు. ఆకలేసిన పిల్ల ఏడుపు మానేస్తే అది నిద్ర కాదు, నీరసం. ఆటో పిలిచాను.

పాప మా మనవరాలు పావని కూతురు. పావనిని కన్న పదో రోజున మా అమ్మాయి పోయింది. పావని డబ్బా పాలతోనే పెరిగింది, మేం పనికి వలసొచ్చిన ఈ హిందీ ఊళ్ళో, సీతారాండేరా బస్తీలో మా ఇంట్లోనే. అందుకే డబ్బాని నేను తిట్టను, మా పిల్లని బతికించింది అదే. కానీ పావనికి ఒక్కటే పట్టుదల. "తాతా, నేను తాగలేదు. ఇది తాగాలి," అని కడుపుతో ఉన్నప్పుడే అంది.

కాన్పు ఆపరేషనయింది. రక్తం ఎక్కువ పోయింది. పాపకి జాండిస్ అని మూడు రోజులు ఫొటోథెరపీ లైటు కింద పెట్టారు, గ్లాసుతో డబ్బా పాలు పట్టారు. ఇంటికొచ్చేసరికి పావనికి పాలు అంతంతమాత్రం. చూడ్డానికొచ్చిన ప్రతి ఆడమనిషీ అదే మాట. "ఏటమ్మా, పాలు పడనేదా? మా కోడలికైతే జాకెట్టు తడిసిపోయీది." రక్తం పోయి మంచం పట్టిన పిల్లతో అనే మాటేనా అది? పావని మాత్రం నవ్వి, "ఆంటీ, దూధ్ కా హిసాబ్ డాక్టర్ లేగీ, ఆప్ చాయ్ లీజియే," అనేది. పాల లెక్క డాక్టరు చూసుకుంటుంది, మీరు టీ తాగండి అని. నేనైతే టీ కూడా ఇచ్చేవాణ్ణి కాదు.

అసలు తప్పు నాది. చదివింది అయిదో తరగతి. మిగతాదంతా పేపర్లూ, మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలూ చదివి నేర్చుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు కంపెనీ పంప్‌హౌస్‌లో చేశాను. ట్యాంకీ నిండకుండా వాల్వు తిప్పితే చివరి ఇంటికి నీరెక్కదు, అది నా అనుభవం. అందుకని పాలు తక్కువున్నాయి కదా, నిండనివ్వండి, నాలుగు గంటలకోసారి పట్టండి, మధ్యలో ఏడిస్తే రెండు చెంచాలు డబ్బా పాలు పట్టండి అన్నాను. మా ఆవిడ మొత్తుకుంది. "పిల్ల ఏడుత్తంటే గడియారం సూత్తావేటయ్యా? రొమ్ముకి పెట్టాల గానీ." నీకేం తెలుసని నోరు మూయించాను. ఆవిడ చేసిన తప్పు వేరే ఉంది. పథ్యం పేరు చెప్పి పావనికి రోజుకి రెండు గ్లాసుల నీళ్ళే ఇచ్చేది. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందట.

ఆ రోజు ఆసుపత్రిలో పాపని తూచారు. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందలు, ఇప్పుడు రెండున్నర. పావనికి హీమోగ్లోబిన్ ఎనిమిది. థైరాయిడ్ బాగానే ఉంది. డాక్టరమ్మ కోప్పడలేదు. "మూడు రోజులు చూద్దాం. బరువు పెరగకపోతే అడ్మిట్ చేస్తాను. ఈలోగా పిల్లని పస్తు పెట్టొద్దు. ముందు రొమ్ము, తర్వాత పిండిన పాలు, చాలకపోతేనే డబ్బా, అదీ చెంచాతో," అంది.

అక్కడ బాలింతల వార్డులో ఒక సిస్టర్ ఉంది, చాయిబాసా వైపు మనిషి. మేము చెప్పింది విని సరిపెట్టుకోలేదు. "నా ముందు పట్టు, చూస్తాను," అని పావని పక్కన స్టూలేసుకుని కూర్చుంది. నేను కర్టెన్ బయట ఉన్నాను. పాప చనుమొన చివర మాత్రమే పట్టుకుంటోందని, లాచ్, అంటే నోటి పట్టు, సరిగ్గా లేదని ఒక్క నిమిషంలో కనిపెట్టింది. నోరు బాగా తెరిచాక దగ్గరికి లాక్కోవడం, పాప పొట్ట తల్లి పొట్టకి ఆనేలా పట్టుకోవడం నేర్పింది. తర్వాత ఎన్నిసార్లు పడుతున్నారని అడిగింది. నాలుగు గంటలకోసారి, నిండనివ్వాలి కదా అని బయటినుంచి నేనే జవాబు చెప్పాను.

కర్టెన్ తీసి నన్ను చూసింది. "బాబా, మీరేం పని చేసేవారు?"

"పంప్‌హౌస్."

"అదీ సంగతి," అని నవ్వింది. "ఇది ట్యాంకీ కాదు బాబా. నిండుగా ఉంటే, ఇక చాలనుకుని ఒళ్ళు పాలు తయారుచేయడం తగ్గించేస్తుంది. ఖాళీ చేస్తేనే మళ్ళీ చేస్తుంది. రోజుకి ఎనిమిదిసార్లకి తగ్గకూడదు, పది పన్నెండైతే ఇంకా మంచిది."

డెబ్భై దాటినవాణ్ణి, కోపం వచ్చింది. ఇంటికొచ్చి కూర్చుంటే మా ఊళ్ళో వంశధార ఇసకలో మా అమ్మ తోడిన చెలమ గుర్తొచ్చింది. ఎంత తోడితే అంత ఊరేది. తోడకపోతే పూడిపోయేది. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే, పంపు నేర్చుకుని మరిచిపోయాను.

ఆ రోజునుంచి పావని చేసింది నేను కంపెనీలో ఏ షిఫ్టులోనూ చూడలేదు. రెండు గంటలకోసారి పట్టడం, అయ్యాక చేత్తో పిండడం, ఆ చుక్కల్ని గిన్నెలోకి తీసి చెంచాతో పట్టడం. మొదటి రోజు గిన్నె అడుగు కూడా తడవలేదు. "తాతా, కల్ ఔర్ ఆయేగా," అంది. రేపు ఇంకా వస్తాయట. కుట్లు నొప్పెడుతున్నా పాపని ఒంటికి ఆనించుకునే ఉండేది. పావని మొగుడు ఆదిత్యపూర్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి గిన్నెలు తోమి నీళ్ళలో మరిగించేవాడు.

తిండి మా ఆవిడ చూసుకుంది. నీళ్ళ పథ్యం మానేసింది. పాలిచ్చేటప్పుడల్లా పక్కన చెంబు. ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత నువ్వుల గానుగ పిండి, అదే తెలగపిండి, తెప్పించి మునగాకుతో కూర, వెల్లుల్లి కారం, ఎండు పాలసొర చేప పులుసు, పప్పు, గుడ్డు. ఇవి పాలు పెంచుతాయా అని డాక్టరమ్మని అడిగాను. "కొందరికి సాయపడొచ్చు, గట్టిగా చెప్పలేను. కానీ రక్తం పోయిన తల్లికి మంచి తిండి. కడుపునిండా పెట్టండి," అంది. పక్కింటివాళ్ళ మాట విని మెంతిపొడి రెండు పూటలా ఇస్తే పావనికి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరమ్మ ఆపించింది. షుగర్‌కో థైరాయిడ్‌కో మందులు వాడేవాళ్ళు అడక్కుండా మెంతులు మందులా వాడొద్దని కూడా చెప్పింది.

మూడో రోజు తూచితే నలభై గ్రాములే పెరిగింది. అడ్మిషన్ తప్పింది గానీ పాప తాగినదాంట్లో సగం డబ్బా పాలే. తర్వాతి వారం పావనికి చలిజ్వరం, ఒక రొమ్ము ఎర్రగా రాయిలా గట్టిపడింది. మాస్టైటిస్ అట, రొమ్ములో వాపు. ఆ వైపు పాలు విషం, పట్టొద్దని వీధిలో నలుగురూ అన్నారు. "పట్టండి, అదే మందు. యాంటీబయాటిక్ కూడా రాస్తాను," అంది డాక్టరమ్మ. పావని పళ్ళు బిగించి ఆ వైపే ముందు పట్టింది. దాని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా ఆవిడ వెళ్ళలేదు, దాని వీపు రాస్తూ అక్కడే కూర్చుంది.

జ్వరం తగ్గాక గిన్నెలో పాలు కనబడ్డం మొదలైంది. డాక్టరు చెప్పినట్టే డబ్బా పాలు తగ్గించాం. ఒక పూట, తర్వాత రెండు పూటలు, తర్వాత మొత్తం. పాపకి ఇరవై నాలుగో రోజున తూకంలో రెండు కిలోల ఎనిమిది వందల అరవై. ఆ ముందు నాలుగు రోజులూ పాప తాగినవి తల్లి పాలే. పావని అక్కడే కుర్చీలో కూర్చుని, పమిట కప్పుకుని మళ్ళీ పట్టింది.

ఇప్పుడు పాపకి పది నెలలు. పప్పన్నం నేను పెడితే సగం నా చొక్కా మీద ఉమ్ముతుంది. పావని ఉద్యోగానికి వెళ్తోంది, పొద్దునా సాయంత్రం పాలు ఇస్తూనే ఉంది.

చదివేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. పాలు చాలట్లేదని అనిపించిన రోజునే, ఏ పొడీ కొనకముందు, తెలిసిన సిస్టర్ దగ్గరికో డాక్టరు దగ్గరికో వెళ్ళండి. తల్లి బిడ్డకి పాలిస్తుంటే మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడమనండి. అలా చూడకుండా సలహా చెప్పేవాడి మాట వినకండి, వాడు ఇంటి పెద్దయినా సరే.