నగారా వాకిలి మేస్త్రీ తాత

మేస్త్రీ తాత పోయాడని మంగళవారం పొద్దున్నే ఆయన కొడుకు మా ఇంటి ముందుకొచ్చి చెప్పాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "నాయన పోయినాడన్నా. మజ్జానం నమాజు అయినంక ఎత్తుతాం" అని, ఇంకా నాలుగిళ్ళలో చెప్పాల్సి ఉందని వెళ్ళిపోయాడు.

నేను చొక్కా తగిలించుకుని బజారుకొచ్చేసరికి బస్టాండు హోటల్లో అదే మాట నడుస్తోంది. "కోటను కంటికి రెప్ప మాదిరి చూసుకున్న మనిషప్పా" అంటున్నాడు ఒకాయన. "అట్లాంటోడు ఇంగ పుట్టడు" అన్నాడు పక్కాయన. మొదటాయన ఇంటి అరుగుకు పరిచిన రాళ్ళు ఏ గోడవో నాకు తెలుసు. రెండో ఆయన పశువుల కొట్టం పునాది ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసు. ఒళ్ళు మండింది. కానీ వాళ్ళ మీద నోరు చేసుకునే యోగ్యత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా రాయదుర్గాన్ని చుట్టుపక్కల వాళ్ళు ఉత్త దుర్గం అనే అంటారు. తాత వాళ్ళు తరతరాలుగా ఈ కోటకు సున్నం పని చేసినవాళ్ళు. రాజులు పోయారు, దొరలూ పోయారు, జీతమిచ్చే దిక్కు లేకుండా పోయింది. అయినా వానలు పడి గోడ ఎక్కడైనా నోరు తెరిస్తే ఈయన తట్టా తాపీ పట్టుకుని కొండెక్కేవాడు. పొట్టకు మాత్రం ఊళ్ళో ఇళ్ళకు వెల్ల వేసేవాడు.

ఆయన మాటల్లో ఊరి గుర్తులన్నీ పాతవే. కిరసనాయిలు అంగడి ఆయనకు గుర్రాల సాల. వేరుశెనగ మండీ మందుగుండు కొట్టు. సినిమా బోర్డు ఆనించే గుంజ ఏనుగును కట్టే రాయి. కొత్తగా వచ్చిన ఆఫీసరొకాయన పోస్టాఫీసుకు దారి అడిగితే, "రాణి బావి దాటినంక సిపాయిల బురుజు ఉంటాది, దాని పక్కనే సామీ" అని చెప్పి పంపాడు. పాపం ఆయన ఊరంతా చుట్టి, చెమటలు కక్కుకుంటూ మళ్ళీ తాత దగ్గరికే వచ్చాడు.

"ఏమయ్యా, బావి ఎక్కడుంది?"

"పూడిచ్చినారు సామీ."

"బురుజు?"

"పడగొట్టినారు."

"మరి నేనెట్లా కనుక్కునేది?"

"నేను కనుక్కుంటాండా గదా సామీ" అన్నాడు తాత, నవ్వకుండా.

పనిలో ఆయనకొక పద్ధతి ఉండేది. పాత గోడను ముట్టుకునే ముందు దాని సున్నం కొంచెం గోటితో గీకి నాలుక మీద వేసుకునేవాడు. బెల్లం నీళ్ళు ఎంత పోశారు, కరక్కాయ ఎంత కలిపారు అన్నది రుచే చెబుతుందనేవాడు. అదే పాళ్ళలో కొత్త సున్నం రుబ్బితేనే పాతదాన్ని పట్టుకుంటుందట. సిమెంటు వచ్చాక ఊళ్ళో అందరూ ఆయన్ను ఎగతాళి చేశారు. "రాయి మనం జేసింది గాదప్పా. మన చేతి పని సున్నమొకటే. అదన్నా నిజంగా ఉండల్ల" అనేవాడు.

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి అనంతపురం జిల్లాలోకి మారిన కొన్నేళ్ళకు వరసగా వానలు తప్పాయి. గుమ్మఘట్ట వైపు పల్లెల నుంచి జనం పశువులను వదిలేసి దుర్గానికి వచ్చి పడ్డారు. సర్కారు కరువు పని తెరిచింది. రోడ్డుకు కంకర కొట్టాలి. కూలీల హాజరు పిలవడానికి, కంకర గుట్టల కొలతలు రాయడానికి నన్ను తాత్కాలికంగా పెట్టుకున్నారు.

రాయి తీసే చోటు కొండకు అవతల ఉంది. గంజి తాగి బతుకుతున్నవాళ్ళు అంత దూరం పోయి రాయి మోసుకురావడం అయ్యే పని కాదు. ఎదురుగా కోట కింది గోడ ఉండనే ఉంది. ముందు రాలిపడిన రాళ్ళు ఏరుకున్నారు. అవి అయిపోయాక నిలబడిన గోడలో గడ్డపార దించారు. తాత పరుగున వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. అప్పుడు మా వీధి చివరింటి అక్క, చంకలో పిల్లనేసుకుని, ఆయన ముందుకొచ్చింది.

"కొండ అవతలికి పొయ్యేకి కాళ్ళల్లో సత్తువ యాడుండాది తాతా? ఈ గోడ ఎవురికి సంగటి పెడతాండాదో చెప్పు, మేం మానుకుంటాం."

తాత పక్కకు తప్పుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒక రాతి మీద కూర్చుని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున ఆయన సుత్తి తీసుకుని పనిలోకి వచ్చాడు. ముందురోజు సాయంత్రం కింది వరస పెరకబోయి ఒకామె పాదం నలిగిందని ఆయనకు తెలిసింది. "కింద పెరికితే మీద పడి సస్తారు. పైనుంచి దించండి" అన్నాడు. ప్రతి రాయినీ సుత్తితో తట్టి, సున్నం నాలుకకు రాసుకుని, ఏది వదులుతుందో ఏది వదలదో చూపించాడు. తన తాతలు కట్టిన గోడను తానే దగ్గరుండి విప్పించాడు. ఆ తర్వాత ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు.

ఆయన అడిగింది ఒక్కటే. కోటకు కింది ద్వారం నగారా వాకిలి. పూర్వం దాని మీద నగారా మోగితేనే కోట తలుపులు తెరిచేవారట. "గోడంతా తీసుకోండి, వాకిలి మాత్రం ఇడిచిపెట్టండప్పా" అని, సున్నం పనివాళ్ళు ముట్టకూడని రాయికి పెట్టే గుర్తు ప్రకారం, దాని రాళ్ళన్నిటికీ తడి సున్నంతో గీతలు పెట్టాడు. కూలీలంతా సరేనన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు సదువుకున్నోనివి. నువ్వు చూసుకో" అన్నాడు. చూసుకుంటానన్నాను.

తరువాత ఆయన కణేకల్‌లో ఒక బావికి గచ్చు వేసే పని ఉండి పది రోజులు ఊరికి పోయాడు. అప్పుడే పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. కంకర తక్కువ పడింది. మా పని చూసే ఓవర్సియరు కొండ వైపు చూసి, వాకిలి దగ్గర ఆగి అడిగాడు.

"ఈ సున్నం గీతలేమిటయ్యా?"

నాకు తెలుసు. చెబితే ఆయన మానేవాడో లేదో తెలియదు గానీ కూలీలు ఆయన ముందు నోరెత్తలేరు, చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. ఉద్యోగం ఖాయం చేయించాల్సింది ఆ ఓవర్సియరే.

"ఏమో సార్" అన్నాను.

రెండు రోజుల్లో వాకిలి కంకరైపోయింది. ఎడమవైపు నిలువు రాయి ఒక్కటి ఎంత పెరికినా ఊడి రాలేదు. అంతా కరువు చేయించిందని మా ఊరివాళ్ళు ఇప్పటికీ అంటారు. గోడ వరకు ఆ మాట ఒప్పుకుంటాను. వాకిలిని కరువు పడగొట్టలేదు.

తాత తిరిగొచ్చిన రోజు నేను గుట్టల దగ్గర కొలతలు రాస్తున్నాను. ఆయన నేరుగా ఆ ఒంటి రాయి దగ్గరికి నడిచాడు. దాని మొదట్లో పగిలిన సున్నం గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. "ఇంగా తీపి ఉండాది" అన్నాడు. అన్నేళ్ళ సున్నంలో బెల్లం తీపి మిగులుతుందో లేదో నాకు తెలియదు. ఎవరు పడగొట్టించారని ఆయన అడగలేదు. అడగకపోవడం నాకు సుఖంగా తోచింది. అంత సిగ్గులేని సుఖం నేను మళ్ళీ ఎరగను.

కరువు తీరాక నా ఉద్యోగం ఖాయమైంది. తాత ఏటా రంజానుకు ముందు మా ఇంటికి వెల్ల వేస్తూనే ఉన్నాడు. గోడకు చెయ్యి ఆనించి, "నీ ఇల్లు బాగుండాదప్పా, చెమ్మ లేదు" అనేవాడు. ప్రతిసారీ చెప్పేద్దామనుకునేవాణ్ణి. టీ ఇచ్చి పంపేవాణ్ణి.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ను కొండ కింద ఖబరస్తాన్‌లో పెట్టారు. అందరితో పాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. తలవైపు నిలపడానికి రాయి ఒకటి కావాలన్నారెవరో. నాకు ఇన్నాళ్ళకు ఆయనకొక మంచి పని చేయగలనని తోచింది.

"నగారా వాకిలి రాయి మిగిలుంది కదా. మనుషుల్ని పిలిపించి తెప్పిద్దాం. తాతకు అదే తగింది" అన్నాను.

"భలే మాట చెప్పినావు" అన్నాడు హోటల్లో కనిపించిన మొదటాయన.

తాత కొడుకు చేతుల మట్టి దులుపుకుంటూ నా ముఖంలోకి చూశాడు. తండ్రి అతనికేమైనా చెప్పి ఉన్నాడో, అసలు తండ్రికే తెలుసో లేదో, నాకు తెలియదు.

"ఉండేది అదొకటేనన్నా. దాన్ని గూడా పెరకల్లా?"

కుండలో తెచ్చిన నీళ్ళు సమాధి మట్టి మీద చల్లారు. ఎండకు ఆ తడి చూస్తుండగానే ఆరిపోయింది. ఎదురుగా కొండ వాలున, ఇటు గోడ లేక అటు గోడ లేక, ఆ రాయి నిలబడి ఉంది. దాని నీడ పట్టినంత మేర ఒక మేక పడుకుని నెమరు వేస్తోంది.