మిరప ఘాటు అనుకున్నాం

నేను చెప్పేది సగానికి కోసుకుని వినండి. మా ఇంట్లో పావే నమ్ముతారు. కారు గురించీ వానమబ్బు గురించీ చెప్పేటప్పుడు నా నోరు మరీ అదుపులో ఉండదు. ఇందులో రెండూ ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం పర్చూరు దగ్గర మా బావమరిది మిరపకాయలు కళ్లంలో ఆరుతున్నాయి. ఏడాది పంటంతా ఆరుబయటే ఉంది. తూర్పున మబ్బు పట్టింది, ఎవరో నల్లరేగడి తవ్వి ఆకాశానికి పులిమినట్టు. వానకి కప్పే పాత పట్టాలు చిరిగిపోవడంతో చిలకలూరిపేట వెళ్లి కొత్తవి కొని, నా కారు వెనకసీటు నిండా కుక్కుకుని తిరిగి వస్తున్నాం. బండి మా బావమరిదే నడుపుతున్నాడు. కళ్లం నుంచి అతని భార్య ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, చల్లగాలి మొదలైంది, ఎక్కడున్నారని.

దారిలో ఏదో మాడిన వాసన వచ్చింది. ఇద్దరం తుమ్మాం, అద్దాలు దించాం, అంతే. పోయిన వారమే ఆ కారులో మిరప బస్తాలు మోశాం. ఈ కాలంలో మా వైపు ఏ వాసన వచ్చినా అది మిరప ఘాటే. ఇల్లు తగలబడినా ముందు తుమ్మి, తర్వాత బకెట్టు వెతుకుతాం.

కాలువ వంతెన ఎక్కేచోట ఇంజిన్ సింహంలా గర్జించింది. చక్రాలు మాత్రం పెళ్లిలో అలిగిన మేనమామలా కదలనన్నాయి. వెనక లారీవాడి హారన్‌కి వంతెన పిట్టగోడ ఊగింది.

“పెట్రోల్లో కల్తీ బావా. లాగటంలా,” అన్నాడు.

లాగని ఇంజిన్ మూలుగుతుందిగానీ ఇలా అరవదు. బలం పుడుతోంది, చక్రాల దాకా చేరడం లేదు. లారీ పక్కనుంచి పోయాక బండిని వెనక్కి జారనిచ్చి చదునులో ఆపించాను. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలమన్నాను. క్లచ్ పట్టు ఉంటే ఇంజిన్ ఠక్కున ఆగిపోవాలి. పూర్తిగా వదిలేశాడు. ఇంజిన్ హాయిగా తిరుగుతూనే ఉంది.

“క్లచ్ జారుతోందిరా. నీ ఎడమకాలు ఎక్కడుంది?”

అడిగేసరికి ఆ కాలు మళ్లీ పెడలెక్కి కూర్చుంది. ట్రాక్టరు మీద పెరిగిన కాలు. పేట నుంచీ దాన్ని అలా ఆనించే నడిపాడు; క్లచ్ ప్లేటు జారి జారి మాడింది. మేం తుమ్మింది మిరపకి కాదు.

“పక్కన కూర్చుని తుమ్ముతూనే ఉన్నావుగా బావా, అప్పుడు తెలవలా?”

ఫోన్ మళ్లీ మోగింది. ఎవరం ఎత్తలేదు. ప్లేటు చల్లారేదాకా ఆగాలి; మబ్బు ఆగదు. ఆ కాసేపట్లో నా జుట్టు సగం నెరిసింది. ఆ తర్వాత నేను స్టీరింగ్ పట్టాను, అతను దిగి వెనక నుంచి నెట్టాడు. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలేసి, ఎడమకాలు సీటు కిందికి ముడుచుకుని, కుడికాలు కోడిగుడ్డు మీద పెట్టినంత మెల్లగా ఆనించాను. అంగుళం అంగుళంగా బండి వంతెన నడుం దాటింది. దిగువలో అతను పరుగున వచ్చి ఎక్కాడు. అక్కణ్ణుంచి రెండో గేరు దాటనివ్వలేదు. ఆవులు మమ్మల్ని దాటుకుని పోయాయి.

కళ్లం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ముగ్గురం పట్టాలు లాగి కప్పేశాం. ఒక్క కాయ తడవలేదు.

ఇందులో కల్పించిందేమిటంటే, సింహమూ కాదు, ఆవులూ కాదు. ఆ తడవలేదన్న మాట. పడమటి వైపు కప్పకముందే వాన దిగింది. ఆ కాయలు తెల్లబారి, ధర పలకని తాలైపోతే, ముగ్గురం కూర్చుని వేరుగా ఏరాం. ఒక్క కాయ తడవలేదని ఇప్పటికీ ఊళ్లో చెబుతుంటాను. మా బావమరిది పక్కనే ఉంటాడు, కాదనడు.