అర అంగుళం తేడా

నడుం ఆపరేషన్ అయ్యాక కూడా మా నాన్నగారు తన పాత పికప్పు తప్ప మరో బండి ఎక్కనన్నారు. దాని ముందు చక్రాల కమాన్ కట్టలు, అంటే కుదుపు ఆపే ఇనప పట్టీలు, మహా బిరుసు. వాటి స్థానంలో కొత్త కారు సస్పెన్షన్ బిగిస్తే కుదుపు తగ్గుతుందని బండిని కొత్తపేటలో ఒక మెకానిక్ మేస్త్రీకి అప్పజెప్పాను.

ఆయన ఛాసిస్ మీద సుద్దముక్కతో గీత గీసి, చెరిపి, మళ్లీ గీసేవారు. వెల్డింగు చేసింది మర్నాడు కోసేసేవారు. ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట: "రెండు చక్రాలకీ అర అంగుళమేనండి తేడా. ఆయ్, వచ్చేత్తది."

వర్షాకాలం అంతా అలాగే పోయింది. ఇంట్లో నాన్నగారు రోజూ "నా బండేదిరా?" అనేవారు. ఆ 'అర అంగుళం' వింటే నాకు ఒళ్లు మండేది.

చివరికి బండి కదిలింది. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీద నేనే నడిపాను. మెత్తగా ఉంది. "ఇక ఇచ్చెయ్యండి" అన్నాను.

"బ్రేకేత్తే ఎడం పక్కకి లాగుతందండి."

"కొంచెమేగా!"

"ఎక్కేది మీ నాన్నగారండి. గట్టు మీంచి కాలవలోకి పోడానికి ఆ కొంచెం చాలండి. నా వల్ల కాలేదు, పాతవే బిగించేత్తాను."

అనరాని మాటలన్నాను. ఆయన వెళ్లి మూలనున్న పాత కమాన్లు బయటికి లాగారు.

పాత కమాన్లతోనే బండి ఇంటికొచ్చింది. నాన్నగారు రెండు దిళ్లు వేసుకుని ఎక్కి, మొదటి గతుకులోనే నొప్పికి కళ్లు గట్టిగా మూసుకున్నారు. "తిన్నగానే పోతంది కదరా, పోనీ" అన్నారు.

మేస్త్రీకి నేను మళ్లీ మొహం చూపించలేదు. ఆయన చెప్పింది నిజమని, ఆ రోజు స్టీరింగు పట్టుకున్న నా చేతులకి ముందే తెలుసు.