సిద్దప్పకు ఇరవై ఒకటి నిండలేదు

సిద్దప్పకు ముక్కు మీద కోపం అని యెమ్మిగనూరు మగ్గాల వీధిలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. దారం తెగినా కోపమే, టీ చల్లారినా కోపమే. ఆ కోపం చూసి నవ్వుకునేవాళ్ళే తప్ప భయపడేవాళ్ళు లేరు. కానీ డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో వాడికి వచ్చిన కోపం నవ్వుకునేది కాదు. ఆ కోపం ఎవరికైనా రావలసిందే. రానివాడు మనిషి కాదంటాను నేను.

హులిగెమ్మది ఆదోని. అమ్మా నాయనా లేరు. పత్తి మార్కెట్లో మూటలు మోసే అన్న గోవిందన్నే పెంచాడు. పద్దెనిమిది నిండాక యెమ్మిగనూరులో మేనత్త ఇంటికి వచ్చి కండెలు చుట్టే పనిలో చేరింది. గుంట మగ్గంలో కూర్చుని నేసేవాడికి పక్కనుంచి కండెలు చుట్టి అందించే మనిషి లేకపోతే పని సాగదు. సిద్దప్ప గుంటలో, హులిగెమ్మ రాట్నం దగ్గర. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమైపోయింది. ఇద్దరికీ పందొమ్మిదేళ్ళే. ఆమెకు నెల తప్పిందని తెలిసినప్పుడు సిద్దప్ప తల్లి లక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది, ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టింది, తిట్టి తిట్టి అలసిపోయి "సర్లే, పెండ్లి సేసేద్దాం" అంది. కథ అక్కడితో కంచికి పోవలసింది.

పోనిస్తే కదా. గోవిందన్న బస్సు దిగి వచ్చి చెల్లెల్ని రెక్క పట్టుకుని ఆదోనికి లాక్కుపోయాడు. కులం ఒకటే కాబట్టి దాన్ని అడ్డం పెట్టడానికి వీల్లేకపోయింది. "సొంత మగ్గం లేదు, సొంత గోడ లేదు. కూలికి నేసేవానికి నా సెల్లెల్ని ఇస్తానా?" అన్నాడు. ఆ మాటన్న పెద్దమనిషికి మాత్రం ఏముందని? పొద్దున లేస్తే పరాయివాళ్ళ మూటలు మోయందే పొయ్యి వెలగదు.

తర్వాతి సంగతి వహీదా బీ నోట తెలిసింది. ఆమె గాజుల మలారం భుజాన వేసుకుని ఆదోని, యెమ్మిగనూరు, చుట్టుపక్కల పల్లెలు తిరిగే మనిషి. ఆ ప్రాంతంలో పెళ్ళయినా, పురుడైనా ఆమె చేతి గాజులే. సిద్దప్ప మగ్గం దగ్గరికి వచ్చి మలారం దించి కూర్చుంది.

"హులిగెమ్మకు హొళగుంద ఊరి మనిషిని మాట్లాడినారు బేటా. ఇద్దరు పెండ్లాలు సచ్చిపోయినారంట. పిల్లల్లేరు. నల్లరేగడి భూమి శానా ఉంది."

"కడుపుతో ఉందని ఆయప్పకు తెల్దా?"

"తెలిసే సేసుకుంటాండాడు. ఆ బిడ్డ కోసరమే సేసుకుంటాండాడు."

పైరుతో సహా చేను బేరమాడినట్టు ఆ హొళగుంద రైతు పిల్లను కడుపుతో సహా బేరమాడాడు. గోవిందన్న సరేనన్నాడు. సిద్దప్ప చేతిలో ఉన్న, దారం ఆడించే నాడెను గోడకేసి కొట్టాడు. ఆ రోజు మగ్గం నడవలేదు.

మర్నాడు ఆదోనిలో ఒక వకీలు దగ్గరికి పోయాడు. వకీలు ముసలాయన, మంచివాడే. కానీ ఆయన చెప్పిన మాటలు ఒక్కటీ మంచివి కావు.

"నీ బిడ్డే అయి ఉండొచ్చప్పా. కాదనను. అయితే పుట్టకముందు ఆ బిడ్డ మీద నీకు ఏ హక్కూ లేదు. పెండ్లి గాని తల్లికి పుడితే పుట్టినాక గూడా తల్లిదే హక్కు. ఆమె తర్వాతనే నువ్వు."

"నేనేమీ కానా సార్?"

"రేపు ఆమె బిడ్డ తిండికి ఖర్చు ఇప్పించమని కోర్టుకు వస్తే అప్పుడు నువ్వే తండ్రివి. అప్పుడు తప్పించుకోలేవు."

సిద్దప్పకు ఒళ్ళు మండిపోయింది. పెట్టాల్సి వచ్చినప్పుడు తండ్రి, అడగాల్సి వచ్చినప్పుడు పరాయివాడు. ఈ చట్టం రాసిన మహానుభావుడెవరో ఎదురుగా ఉంటే వాడు ఏం చేసి ఉండేవాడో గానీ, ఎదురుగా ఉన్నది ముసలి వకీలు.

"ఇంకొకటుంది," అన్నాడు వకీలు. "ఆమె కాన్పుకు ముందే హొళగుందాయన తాళి కట్టినాడనుకో, పుట్టే బిడ్డ చట్టం ముందర ఆయన బిడ్డే. అచ్చం నీ పోలికలతో పుట్టినా సరే, నీ మాట వినే కోర్టు ఉండదు."

"అట్లయితే నేనే ముందు కడ్తాను తాళి."

"నీకెన్నేండ్లు?"

"పందొమ్మిది నిండి ఇరవై నడుస్తాంది."

వకీలు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోయినేడే చట్టం మారింది. మొగపిల్లోనికి ఇరవై ఒకటి నిండాల. నువ్వు కట్టొచ్చు, పెండ్లి చెల్లుతుంది. చేసుకున్నందుకు శిక్ష మాత్రం పడుతుంది. జరిమానా, లేకుంటే పదైదు దినాల జైలు."

"చెల్లే పెండ్లికి శిక్షేంది సార్? మా వీధిలో మీసం రాకముందే పెండ్లయినోల్లే అందరూ. వాల్లను ఎవురు జైల్లో పెట్టినారు?"

"వాళ్ళ మీద కేసు పెట్టినోడు లేడు గదప్పా. నీ మీద పెట్టేవాడున్నాడు."

నిజమే. గోవిందన్నకు తన పెళ్ళి పదహారో ఏట అయింది. ఆ సంగతి అతనికి గుర్తు లేదు. సిద్దప్పకు ఇరవై ఒకటి నిండలేదన్న సంగతి మాత్రం మార్కెట్లో ఎవరో చెబితే నోటికి పట్టుకున్నాడు. కనపడినవాడికల్లా అదే చెప్పేవాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చట్టం పేరెత్తడం అదే మొదలు.

హులిగెమ్మకు ఏడో నెల పడింది. ఆ పక్క ఊళ్ళలో ఏడో నెలలో కడుపుతో ఉన్న పిల్లకు అత్తింటివాళ్ళు వచ్చి పచ్చగాజులు వేయిస్తారు. గాజులామె మొదటి గాజు ఎక్కించే ముందు "ఏ ఇంటి గాజులమ్మా?" అని అడుగుతుంది. పిల్ల అత్తింటి పేరు చెబుతుంది. ఆ చెప్పిన ఇల్లే బిడ్డ ఇల్లు. ఆ గాజులను కాన్పయ్యేదాకా ఎంతటివాడూ పగలగొట్టడు, పగలగొడితే కడుపులో బిడ్డకు కీడని భయం. హొళగుందవాళ్ళు ముందు గాజులు వేయించి, వారం తిరక్కుండా తాళి కట్టించుకుని పోదామనుకున్నారు. గోవిందన్న ఎప్పటిలాగే వహీదా బీకి కబురు పెట్టాడు. అదే అతను చేసిన తెలివితక్కువ పని. ఆదోనిలో గాజులమ్మేవాళ్ళు ఇంకెవరూ లేరా? ఉన్నారు. కానీ అమ్మ కాలం నుంచీ ఆ ఇంట్లో వహీదా బీ గాజులు తప్ప వేరొకరివి ఎరగరు, వేరొకరిని పిలవాలని అతనికి తోచనే లేదు.

వహీదా బీ తిన్నగా లక్ష్మమ్మ దగ్గరికి వచ్చింది. "నువ్వొచ్చి పిల్లకు ఎదురుగా నిలబడాల. అత్త మొగం కనపడకుండా అత్తింటి పేరు యెట్ల సెప్తుంది?"

"నన్ను కొడ్తారేమో బీ," అంది లక్ష్మమ్మ.

"కొడితే నన్ను గూడా కొట్టాల. నాతోనే రా."

లక్ష్మమ్మ ఆ రోజు ఆదోని బస్సులో కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది. సిద్దప్ప మాత్రం దారి పొడవునా పళ్ళు నూరుతూనే ఉన్నాడు.

వీళ్ళు పోయేసరికి గోవిందన్న ఇంటి ముందు చాప పరిచి ఉంది. హొళగుంద రైతు, అతని అక్క, ఇంకొందరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో హులిగెమ్మ తల వంచుకుని ఉంది. చిక్కిపోయింది. వాకిట్లో లక్ష్మమ్మను, ఆమె వెనక సిద్దప్పను చూసి గోవిందన్న లేచాడు గానీ, శుభకార్యంలో కొత్త చుట్టాల ముందు గొడవ ఎందుకని పళ్ళ బిగువున ఊరుకున్నాడు. వహీదా బీ మలారం విప్పి, పచ్చ గాజు ఒకటి తీసి, హులిగెమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏ ఇంటి గాజులమ్మా?"

హులిగెమ్మ తలెత్తింది. అన్నను చూడలేదు, హొళగుందవాళ్ళనూ చూడలేదు.

"లక్ష్మమ్మత్త ఇంటివి."

వహీదా బీ చేతులు ఎంత వేగంగా కదిలాయంటే, గోవిందన్న చాప తొక్కుకుంటూ వచ్చేలోపు రెండు చేతులకూ గాజులు ఎక్కిపోయాయి. అతను చెల్లెలి మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. గాజులు పగిలేలా నేలకేసి కొట్టబోయాడు. అప్పుడు హొళగుంద రైతు అక్కే అరిచింది. "వద్దప్పా వద్దు. కడుపుతో ఉండే పిల్ల." గోవిందన్న చెయ్యి ఆగిపోయింది. హొళగుంద రైతు కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. ఇంకొక ఇంటి పేరు చెప్పిన పిల్లను కట్టుకునే ధైర్యం అతనికి లేదు. అతని భూమి అతన్ని అంతవరకే మొగవాణ్ణి చేసింది.

"పో. మల్లా ఈ గడప తొక్కినావంటే కాళ్ళిరగ్గొడ్తా," అన్నాడు గోవిందన్న చెల్లెలితో. ఆమె కట్టుబట్టలతో లేచి లక్ష్మమ్మ పక్కకు వచ్చి నిలబడింది. మర్నాడు పొద్దున యెమ్మిగనూరులో సిద్దప్ప పసుపుకొమ్ము తాడు ఆమె మెడలో కట్టాడు. మగ్గాల వీధి మొత్తం అక్షింతలు వేసింది.

గోవిందన్న ఊరుకుంటాడా? పెళ్ళి పెటాకులైంది, భూమిగల బావ చేజారాడు, మార్కెట్లో తలెత్తుకోలేకపోతున్నాడు. కోర్టులో ఫిర్యాదు ఇచ్చాడు. ఇరవై ఒకటి నిండకుండా పెళ్ళి చేసుకున్నాడని. అక్షింతలు వేసిన మనుషులనే సాక్ష్యానికి పిలిపించాడు. ఎన్ని వేల పెళ్ళిళ్ళు చూసిన తాలూకా అది, ఎంతమంది చిన్నపిల్లలను పీటల మీద కూర్చోబెట్టిన ఊళ్ళు అవి. చట్టం కళ్ళకు కనిపించింది మాత్రం, తన బిడ్డకు తండ్రి కావాలని తాళి కట్టిన సిద్దప్ప ఒక్కడే. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

మేజిస్ట్రేటు కుర్రవాడు. తొందరగా తేల్చేద్దామన్న ఉద్దేశంతోనే అడిగాడు. "తప్పు ఒప్పుకుంటే చిన్న జరిమానాతో వదిలేస్తాను. ఒప్పుకుంటావా?"

ఒప్పుకో, ఒప్పుకో అని వెనక నుంచి వకీలు గొణుగుతూనే ఉన్నాడు. హులిగెమ్మకు నెలలు నిండాయి. ఇంట్లో ఏ క్షణానైనా నొప్పులు రావచ్చు. అదంతా సిద్దప్పకు తెలుసు. తెలిసీ నోరు ఆగలేదు.

"పెండ్లి సేసుకున్నాను సార్, అది నిజం. తప్పు మాత్రం సేయలేదు. జరిమానా కట్టేది తప్పు సేసినోల్లు."

మేజిస్ట్రేటు ముఖం ఎర్రబడింది. చట్టంలో ఎన్ని రోజులు ఉంటే అన్ని రోజులూ వేశాడు. సిద్దప్పను సబ్ జైలుకు తీసుకుపోయారు.

వాడు లోపల ఉండగానే హులిగెమ్మ ఆడపిల్లను కన్నది. కబురు తెచ్చింది వకీలు. వస్తూనే పకపకా నవ్వాడు.

"మీ బావమరిది నీకు చేసిన మేలు ఎవరూ చేయలేరప్పా. వీళ్ళిద్దరికీ పెండ్లయిందని కోర్టే తీర్పు చెప్పింది. శిక్ష గూడా వేసింది. ఇంక ఆ బిడ్డ నీది కాదని ఎవరనగలరు? హొళగుందాయన గాదు, ఆ దేవుడు దిగొచ్చినా అనలేడు."

సిద్దప్ప నవ్వలేదు. "ఆ మాట నాకు తెలుసు సార్, మొదటినుంచీ. మీ కోర్టుకే తెలీలేదు," అన్నాడు. వకీలు నవ్వు ఆపుకుని, వాడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

శిక్ష ముగిసి ఇంటికి వచ్చిన రోజు వీధిలో మగవాళ్ళంతా మగ్గాలు దిగి వచ్చారు. కోర్టులో వాడు అన్న మాట ఊరంతా పాకిపోయింది. "దొరకు ఎదురుగా నిలబడి అన్నాడంట" అని ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అందుకున్నాడు. సిద్దప్ప ఛాతీ కొంచెం పొంగిన మాట నిజం. పొంగిన ఛాతీతోనే లోపలికి పోయాడు.

హులిగెమ్మ మంచం మీద బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"శానా బాగా మాట్లాడినావంట గదా," అంది.

సిద్దప్ప ఏదో చెప్పబోయాడు.

"రెండు దినాలు అరిసినాను నేనీడ. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని సేతులెత్తేస్తే మీ యమ్మ నన్ను ఎద్దులబండి మీద ఆసుపత్రికి తోలుకోని పోయింది. సచ్చిపోతాననుకున్యాను. ఆ పొద్దు నువ్వు తప్పు ఒప్పుకొని ఇంటికొచ్చింటే నా తల పట్టుకునేదానికి ఒక మనిషుండేవాడు." ఆమె గొంతు పెరగలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "మా యన్న కోపం మా యన్నది. నీ కోపం నీది. నడమన కనింది నేను."

జైల్లో ఉన్నన్ని రోజులూ సిద్దప్ప తనకు జరిగిన అన్యాయాన్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. అందులో ఆమె లేదు. ఆ సంగతి ఆ గదిలో తెలిసింది వాడికి. చట్టం మీద, గోవిందన్న మీద వచ్చిన కోపమంతా తన మీదికి తిరిగింది. ఆ కోపాన్ని తీసుకెళ్ళి కొట్టడానికి ఏ గోడా కనిపించలేదు.

"దా, కూర్సో," అంది హులిగెమ్మ. బిడ్డను ఎత్తి వాడి చేతుల్లో పెట్టింది. "తల కింద సెయ్యి పెట్టు. అట్ల గాదు, ఇట్ల. ఏడిస్తే ఊరుకోబెట్టేదానికి ఏ కోర్టూ రాదు."

బిడ్డ వెంటనే ఏడ్చింది. సిద్దప్ప ఎంత ఊపినా ఊరుకోలేదు. హులిగెమ్మ చెయ్యి చాపలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. వాడు బిడ్డను భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.